కొరత జాబితా

ఆ ముక్క టైపు కొట్టింది నేనే.
"జిల్లాలో ఆర్గాన్ వెల్డర్ల కొరత తీవ్రంగా ఉన్నది."
'తీవ్రంగా' అని సారు చెప్పలేదు.
ఉత్తగా కొరత ఉన్నది అంటే బోడిగా ఉంటుందని
నేనే తగిలించినా.
ఆ పొద్దు కరెంటు పోయి, కిటికీ తెరిస్తే
గాలికి కాగితాలన్నీ లేచినాయి. అంతే గుర్తు.

పదకొండు నెలలకు
అనంతపురం టవర్ క్లాక్ కాడ, ఆరుంబావుకి,
కూలోళ్ళ గుంపులో ఆ మాట నాకు ఎదురుపడింది.
దైతారి బెహరా. గంజాం జిల్లా.
మాట పిలిస్తే మనిషి వస్తాడని
నాకెవరూ చెప్పలేదు.

అందరి చేతుల్లో పార, తాపీ, సద్దిమూట.
ఇతని చేతిలో జానెడు స్టీలు పైపు.
రెండు ముక్కల్ని కలిపి ఒకటి చేసినాడంట,
బిడ్డ ఫొటో చూపించినట్టు చూపిస్తాడు.
మేస్త్రీ సుంకన్న దాన్ని తిప్పి తిప్పి చూసి
"అతుకు యాడుందప్పా?" అన్నాడు.
కనపడదు, అదే నా పని, అన్నాడు ఇతను
వచ్చీరాని తెలుగులో.
"కనపడని పనికి కూలి ఎట్లిచ్చేది?
రా, కంకర మొయ్యి."

హైవే పక్క ఫ్యాక్టరీలన్నీ తిరిగినాడు.
ఒకచోట మిషన్లే అతికించుకుంటాయన్నారు.
ఒకచోట లోకల్ అనుభవం ఉందా అన్నారు.
ఇంకోచోట వాచ్‌మన్ లోపలికి పోయి వచ్చి
మేనేజరు లేడన్నాడు,
మేనేజరు కారు ఎండలో మెరుస్తాంటే.
ఇతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట, లేదు.
రెండోది, రేపు.

బెంగళూరు నాలుగ్గంటలు.
ఆడ పని ఉందని ఇతనికీ తెలుసు.
కానీ సంతకం పెట్టినాడు:
రెండేండ్లు ఈ జిల్లా దాటకూడదు,
దాటితే శిక్షణ ఖర్చు
ముప్పై ఎనిమిది వేలు తిరిగి కట్టాల.
ఆ షరతు కూడా నేనే కొట్టినా.
అందులో ఒక్క అక్షరం తప్పు పోలేదు.

చెనిక్కాయ ఈసారీ ఎండిపోయిందని
కళ్యాణదుర్గం పక్క పిల్లోళ్ళు మూటలు కట్టుకొని
బెంగళూరు రైలెక్కే ప్లాట్‌ఫారం మీదే
ఇతను దిగినాడు.
భుజాలు తగిలింటాయి. జరగప్పా, అనుకోనింటారు.

రేకుల రూములో ఏడుమంది.
రాత్రిపూట స్లాబు పని దొరికితే
ఆడినుంచే ఇంటికి ఫోను.
వెనక కాంక్రీటు మిల్లరు గడగడమంటాంటే
అదేం చప్పుడని అడుగుతుందంట భార్య.
మా ఫ్యాక్టరీ, అంటాడంట.

సిమెంటు వేళ్ళను తింటుంది.
సన్నటి తీగను నిప్పులోకి
గోరంత గోరంత నెట్టే వేళ్ళు
ఇప్పుడు సందుల్లో పగిలి,
ఉగ్గానిలో పచ్చిమిరపకాయ తగిలితే
చెయ్యి విదిలిస్తాడు. మళ్ళా తింటాడు.

నేనెవరో అతనికి తెలీదు.

మూడు నెలలకొకసారి జాబితా పంపాల.
ఈసారి 'తీవ్రంగా' తీసేసినా.
సారు ఎర్ర పెన్నుతో మళ్ళా రాసి
"పోయినసారి ఎట్లుందో అట్లే ఉంచవయ్యా,
పైవాళ్ళు కొత్తగా అడుగుతారు" అన్నాడు.
ఉంచినా.

నిన్న ఉగ్గాని బండి కాడ
జేబులోంచి మడతలు చిరిగిన జిరాక్సు తీసినాడు.
మూలన మా ఆఫీసు సీలు.
తెలుగు అక్షరాలు దిద్దుకుంటాండాడంట, దాని మీదే.
చదువుకోను ఇంకేం కాగితం ఉంది అతని దగ్గర.
తకు గుడిదీర్ఘం, వ కింద ర వత్తు,
వేలు పెట్టి కూడబలుక్కొని
"సార్, తీవ్రంగా అంటే ఏమి?"

చాలా, అన్నా.

టీ చల్లారేదాకా ఆలోచించినాడు.
"నాకు ఆకలి తీవ్రంగా ఉన్నది.
ఇట్లా అనొచ్చా?"

అనొచ్చు, అన్నా.
తప్పు లేదు.