నీటి తూకం

మంగళవారం, శుక్రవారం
హుమా దగ్గర తొలి బస్సు ఎక్కుతాం.
కిటికీకి అటు ఉప్పు మడులు,
తెల్లగా, కుప్పలు కుప్పలుగా.
బైరాగి అటు చూడడు.
ఉప్పు మానెయ్యమన్నారు, ఎండుచేప మానెయ్యమన్నారు,
నీళ్లు రోజుకి మూడు గ్లాసులు,
మాత్రలు మింగే నీళ్లతో కలిపి.
మరీ నోరెండితే గోళీ అంత ఐసు ముక్క
దవడన పెట్టుకుంటాడు. అది కరిగేదాకా మాట్లాడడు.

బరంపురం ఆస్పత్రిలో ముందు తూకం.
పాతికేళ్లు చేపలు తూచినదాన్ని,
మొగుణ్ణి తూస్తుంటే ముల్లుకేసి చూస్తూ నిలబడతాను.
లోపలికి పోయేటప్పుడు యాభై ఎనిమిది.
నాలుగు గంటలయ్యాక యాభై ఐదున్నర.
ఆ రెండున్నర కిలోలూ ఏ తూములో పోయాయో
వాళ్లు చెప్పరు, నేనడగను.
తెడ్డేసిన చేతిలో ఇప్పుడొక నరం
పడవ మోటారులా గుర్రుమంటాది,
చెవి ఆనిస్తే వినపడతాది.

మా సుకాంతి ఒడియా బడిలో తొమ్మిది.
దాని పుస్తకంలో బృక్క,
డాక్టరు నోట కిడ్నీ,
మా ఇంట్లో దానికి పేరే లేదు
అది చెడిందాకా.

బల్బు కింద కూర్చుని చదివి చెప్పింది:
సంద్రంలో చేపకి ఎప్పుడూ దాహమేనట.
చుట్టూ ఉన్న ఉప్పు దాని ఒంట్లో నీటిని లాగేసుకుంటాదట,
అందుకే తాగుతూనే ఉంటాదట,
ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోసేసి
ఉచ్చ మాత్రం పిసినారిలా పోస్తాదట.
ఏటి చేప అసలు తాగదట. పోస్తూనే ఉంటాదట.

"మరి విలస?" అన్నాడు బైరాగి.
సంద్రంలో పెరిగి గుడ్లకి ఏట్లోకి ఎక్కుతాదే,
ఒడియా వాళ్ల ఇలిశి, అది.
"మొగ దాటుతూ లోపలి పనంతా తిరగేసుకుంటాది నాన్నా."
"ఎన్ని రోజులు పడతాది?"
పుస్తకంలో అది లేదు.

మాఘం పోయాక ఋషికుల్య మొగకి తాబేళ్లొచ్చాయి.
వల వెయ్యొద్దని ఫారెస్టోళ్లు మైకులో అరిచారు,
వేసేవాడు లేని ఇంటికీ వినపడింది.
గొయ్యి తవ్వి గుడ్లు పెడుతూ ఏడుస్తాది తాబేలు.
పిల్లల మొహం చూడకుండా పోవాలని, అనేది మా అమ్మ.
నేనూ ఎందరికో అదే చెప్పాను.
సుకాంతి కాదంది.
తాగిన సంద్రంలోంచి ఉప్పు తీసి కంటి పక్కనుంచి పారబోస్తాదట,
నీళ్లలో ఉన్నప్పుడూ ఇంతేనట,
మనకి కనపడదంతే.
ఒక చుక్క వేలికద్దుకుని నాలిక్కి రాసుకున్నాను.
సంద్రం కంటే ఉప్పు.
బైరాగికి చూపించలేదు, పథ్యం.

దసరా నుంచి అతనికి చుక్క రాలేదు.
అయినా నాలుగో జాముకి లేస్తాడు,
తలుపు తీసుకుని సరుగుడు తోట దాకా పోయి
గాలికి వీపు పెట్టి నిలబడతాడు.
ఇదివరకు ఎంతసేపు పట్టేదో అంతసేపూ.
నేను పడుకునే లెక్కపెడతాను.
తిరిగొచ్చి చెంబు వంచి
కాళ్లు కడుక్కుంటాడు, నెమ్మదిగా, మడమల దాకా.

ఆ నీళ్లు లెక్కలోకి రావు.