గుడ్డి లెక్క

పలాసలో ఆ షెడ్డు రేకుల కింద
జీడిపిక్క పగిలే చప్పుడుకి ఒక తాళం ఉంటుంది.
రేడియో పెడితే ఆ తాళం కుదురుకుంటుందా,
పప్పు విరక్కుండా గుండుగా వస్తుందా,
ఇదీ నా ప్రశ్న.
ప్రశ్న అన్నాను గానీ
జవాబు బస్సెక్కక ముందే సంచీలో పెట్టుకున్నాను.

మొదటి వారం ఎంత బాగా జరిగిందో!
రేడియో పాడిన పూటల్లా గుండ్లే గుండ్లు.
సూపర్‌వైజరు ఏరి కూర్చోబెట్టిన ఎనిమిది మంది.
పొద్దున్నే, నడుం నొప్పి ఇంకా నిద్రలేవక ముందు, పాట.
మధ్యాహ్నం, రేకులు కాలాక, మౌనం.
నేను మార్కులన్నీ పాటకే వేశాను.

అంచు చిట్లిన పప్పు ఒకటి.
గుండా? బద్దా?
పాట పూట దాన్ని గుండ్లలో వేశాను.
మౌనం పూట అలాంటిదే బద్దల్లోకి పోయింది.
చెయ్యి నాదే. అబద్ధం ఆడలేదు.
ఆశపడింది, అంతే.

టీ తాగుతూ తవిటమ్మ నవ్వింది:
"రేడియో సెవి తిప్పి మా మొకాలకేసి సూత్తారు కదమ్మా,
మాకు తెల్దేటి?
అంత దూరం నుంచొచ్చీసినారు, పాపం,
ఒట్టి సేతుల్తో ఎల్లిపోతే ఏం బాగుంటాది?"

ఎనిమిది మంది నా మీద జాలిపడి
నా సిద్ధాంతానికి పప్పు వొలిచి పెట్టారు.

ఆ రాత్రి కాశీబుగ్గ లాడ్జిలో
లెక్కల కాగితం అడ్డంగా కొట్టేశాను.
కొట్టేస్తుంటే ఏడుపొచ్చిందని కూడా రాసుకున్నాను,
అదీ లెక్కలోకే వస్తుంది కనక.

మళ్లీ మొదలు.
హాజరు పట్టీలో పేర్లన్నీ చీటీలు చేసి
డబ్బాలో వేసి కళ్లు మూసుకుని తీశాను;
సూపర్‌వైజరు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.
ఏ పూట పాటో, ఏ పూట మౌనమో
రూపాయి బిళ్ల చెప్పాలి.
ఎగరేసేది ఢిల్లేశు, బస్తాలు మోసే కుర్రాడు.
నేనేం వెతుకుతున్నానో వాడికి చెప్పలేదు,
వాడూ అడగలేదు.
బుట్టలకి నంబర్లు అంటించి
ఏ నంబరు ఏ పూటదో నోటుబుక్కులో రాసి
ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.
రైలు గేటు అవతల, పాట వినపడని గోడౌన్లో
నేను నంబర్లని లెక్కపెట్టాను.
ఎంత చిట్లితే బద్ద అనాలో
ముందే బొమ్మ గీసి గోడకి అంటించాను.
అవే బుట్టలు దమయంతి మళ్లీ లెక్కపెట్టింది.
తేడా వచ్చిన చోట
ఇద్దరం సిగ్గుపడ్డాం.

మంగళ, శుక్రవారాలు తవిటమ్మ రాదు.
మొగుణ్ణి డయాలసిస్‌కి తీసుకెళ్లాలి.
ఆ పేరు తీసేస్తే పట్టిక నున్నగా ఉంటుందన్నారు మా సారు.
తీసెయ్యలేదు. ఖాళీ గళ్లు ఖాళీగానే ఉంచి
కింద కారణం రాశాను.
నాగా లేని చేతులు మాత్రమే మిగిలిన లెక్క
ఆ షెడ్డు లెక్క కాదు.

నలభయ్యో రోజున ట్రంకు తెరిచాం.
ఢిల్లేశు చదివాడు, నేను గళ్లు నింపాను.
పాట పూటలు: నూటికి అరవై ఎనిమిది గుండ్లు.
మౌనం పూటలు: అరవై ఏడు.
"ఏటమ్మా, గెలిచీసినామా?"
అని అడిగి, తనే ఆగి, వేళ్లు లెక్కపెట్టుకుని
"ఒక్కటేనా? నా బిళ్లకే అంతకంటే తేడా వొచ్చీసింది" అన్నాడు.

రేడియో సంచీలో పెడుతుంటే
తవిటమ్మ బూడిద చేత్తో ఆపింది.
"పప్పు సంగతి నాకు తెల్దు.
పాటుంటే పొద్దు పోతాది. అది ఉంచీండి."

నా ప్రశ్నల కాగితంలో ఆ గడి లేదు.
రేడియో అక్కడే ఉంది.
బ్యాటరీలు ఎవరు కొంటున్నారో తెలీదు.