బెరడు తీసిన చెయ్యి

జూన్‌లో కార్కు చెట్టు మీంచి జారాను.
ముప్పై ఏడేళ్లలో అదే మొదటిసారి.
గొడ్డలి గడ్డిలో పడి బతికిపోయింది,
నా ముంజేతి ఎముకలే రెండూ విరిగాయి.

కొరూష్ ఆసుపత్రిలో జబ్బ దగ్గర్నుంచి అరచేతి దాకా
పిండికట్టు వేసి
"కదపకు బెల్మీరో" అన్నారు.
కదపలేదు.
ఏడు వారాలు నా కుడిచెయ్యి
ఎవరిదో సామానులా మెడకు వేలాడింది.

ఎముక మాత్రం పని మానలేదట,
చీకట్లోనే అతుకు వేసుకుంటూ కూచుందట.
కండ అలా కాదు.
పిలుపు రాని కూలీలా
రెండ్రోజులు ఎదురుచూసి
మూడోనాడే మూట సర్దుకుంది.

రంపం గిర్రుమంది. కట్టు రెండు చెక్కలైంది.
మేం బెరడు ఒలిచేటప్పుడు
లోపలి తడి పలుకుతుంది, కొత్త గుడ్డ చించినట్టు.
ఇది వట్టి పొడి చప్పుడు.
బయటికొచ్చిన చెయ్యి చూసి
జులీత మొహం తిప్పుకుంది.
ముక్కవాసన. పొట్టు రాలే చర్మం.
వెంట్రుకలు మాత్రం నల్లగా, ఏపుగా,
ఆ బీడులో అవొక్కటే పండినట్టు.
ఎడమచేతి వాచీ దానికి పెట్టి చూశాను,
సగం ముంజేతి దాకా జారింది.

చాపమన్నారు.
చాపాననే అనుకున్నాను.
చూస్తే ఇంకా వంగే ఉంది,
కట్టు విప్పిన సంగతి దానికెవరూ చెప్పనట్టు.

ఫిజియోథెరపిస్టు గ్రసీంద, ఇరవై ఆరేళ్ల పిల్ల,
ప్లాస్టిక్ కోణమానిని మోచేతికి ఆనించి
నలభై రెండు డిగ్రీలు తక్కువ అని రాసుకుంది.
"ఎముక బాగుంది. కీలు చుట్టూ సంచి బిగుసుకుంది.
పొట్టిగా ఉండమన్నాం, కండ పొట్టిగా ఉండటం నేర్చుకుంది.
దాని తప్పేం లేదు."
ఇంటికెళ్లే దాకా ఆ మాటే నమిలాను.
చెప్పిన మాట విన్నందుకే కదా ఇదంతా!

వేడినీళ్ల తొట్టి. రబ్బరు బంతి.
చెంచా నోటికి చేరేలోగా
సూపు సగం చొక్కాకే.
గొడ్డలి సంగతి ఎవరూ అడగలేదు.

బెరడు తీసిన చెట్టు ఎర్రటి ఒంటి మీద
ఆ ఏటి చివరి అంకె తెల్లరంగుతో రాస్తాం.
తొమ్మిదేళ్ల దాకా మళ్లీ ముట్టుకోం.
చెట్టుకిచ్చే గడువు చేతికెవరిస్తారు?
అంటే గ్రసీంద నవ్వింది.
"చెట్టుకి ముట్టుకోకపోవడమే మందు,
దీనికి ముట్టుకోవడమే"
అంటూ మోచేతిని ఇంకో వేలెడంత కిందికి నొక్కింది.
మా అమ్మని తలుచుకున్నాను, గట్టిగానే.

ఇవాళ ముప్పై ఒకటి.
వంకర చేత్తోనే
వీధి తలుపు గొళ్లెం తీశాను.
అలవాటు లేని ఆ తడబాటు చప్పుడుకి
లోపల్నుంచి జులీత
ఎవరదీ, అంది.