వెనక తలుపు తాళంచెవి

నెలనెలా రెండో మంగళవారం
షేల్‌ఫోర్డ్ హైస్కూలు లైబ్రరీలో కుర్చీలు వేసేది నేనే.
ముందు నలభై వేసేవాణ్ణి, ఇప్పుడు పదహారు.
తక్కువ వేస్తే తక్కువమంది వస్తారని ఎవరో లెక్కకట్టారు.
జనం నిలబడైనా వింటున్నారు.

బోర్డు బల్లకీ మొదటి వరసకీ మధ్య
నేల మీద పసుపు టేపు అంటించమన్నారు ఆగస్టులో.
పన్నెండు అడుగులు. కొలిచి మరీ అంటించాను.
దాటితే ఏమవుతుందో ఎక్కడా రాయలేదు.
ఎవరూ దాటలేదు కూడా,
ఒక్క రెండేళ్ల పాప తప్ప.
తల్లి వెనక్కి లాక్కుంది
పొయ్యి దగ్గర్నుంచి లాక్కున్నట్టు.

మాట్లాడేవాళ్లకి మూడు నిమిషాలు.
ఎర్రదీపం వెలిగితే మైకు
దానంతటదే మూగబోతుందని చెబుతారు.
స్విచ్చి వెండెల్ ట్రెక్స్‌లర్ మోకాలి పక్కన ఉంది.
బిగించింది నేనే.

కిందటి అక్టోబరులో ఇదే వెండెల్
మా వీధిలో ఒక్క గడపా వదల్లేదు.
మా కుక్క పేరు అడిగి మరీ నిమిరాడు.
ఇప్పుడు దుకాణంలో నేనెదురైతే
సూపు డబ్బా మీది అక్షరాలు చదువుకుంటాడు
తలెత్తకుండా,
రేపే పరీక్ష అన్నట్టు.

జనవరిలో తొమ్మిదో నంబరు బస్సు ఆపేశారు.
బొగ్గుకుప్పల అవతలి పిల్లలు పదకొండు మంది
రెండు మైళ్లు నడుస్తున్నారు,
లారీలు తిరిగే రోడ్డంచున, చీకటితోనే.
ఆ బస్సు ముప్ఫై ఒక్క ఏళ్లు తోలింది లొరెట్టా యుర్కోనిస్.
బల్ల వెనకున్న ఏడుగురిలో నలుగురు
ఆమె బస్సెక్కి చదువుకున్నవాళ్లే.
వాళ్లలో ఎవరో తడిసిన పాంటుతో
అందరూ దిగిపోయేదాకా చివరి సీట్లోనే కూర్చునేవాడట.
ఎవరో మాత్రం చెప్పదు.

ఫిబ్రవరి మీటింగులో ఆమె లేచింది. చేతిలో కాగితం లేదు.
"వెండెల్, నువ్వు..."
"సభ్యుల్ని పేరు పెట్టి పిలవకూడదు" అంది మార్లా టీట్జ్.
లొరెట్టా ఆగింది.
వాణ్ణి ఇంకేమని పిలవాలో వెతుక్కుంది.
వెతుక్కుంటుండగానే పసుపు, ఆ వెంటనే ఎరుపు.
ఏడు తలలు బల్ల మీదికి వంగే ఉన్నాయి.

తర్వాత కాగితాలు ఏరింది నేను.
ఒకదాని అంచున పడవ బొమ్మ,
తెరచాపకి నీడ కూడా దిద్దారు.
ఏరు దాటినవాళ్లకి తెప్ప ఇంకా జ్ఞాపకమే కాబోలు.
ఇంకోదాని మీద "బస్సు 9" అని రాసి
కింద రెండు గీతలు గీసి
మళ్లీ కొట్టేశారు.
ఆ ఒక్కటీ చెత్తలో వెయ్యలేకపోయాను.

మీటింగు ముగిశాక వాళ్లు వంటగదిలోంచి వెళతారు.
గిన్నెలు కడిగే మిషను పక్కన సన్నదారి,
చెత్తడబ్బాలు, ఇనప తలుపు.
తాళంచెవి నా దగ్గర.
ఒక్కొక్కరే వంగి దాటుతూ
"థాంక్స్, స్టాన్" అంటారు.
నా పేరు స్టాన్ కాదు.
స్టాన్ నాకు ముందు పనిచేసినాయన, పోయి ఆరేళ్లయింది.

ఆ రాత్రి చలికి వెండెల్ కారు కదల్లేదు.
లొరెట్టాయే తన పాత ట్రక్కు తెచ్చి
ముక్కుకి ముక్కు ఆనించి
తొడుగుల్లేని చేతులతో తీగలు తగిలించింది.
ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.
అద్దం రెండు వేళ్లంత దిగింది.
"ఏదైనా ఉంటే ఈమెయిల్ పెట్టండి."
"నాలుగు పెట్టాను."
అద్దం పైకెళ్లిపోయింది.
ఆమె తీగలు చుట్టుకుంటూ అక్కడే నిలబడింది,
బస్సు దిగిన పిల్లాడు రోడ్డు దాటేదాకా
చూసే అలవాటు కొద్దీ.

మార్చిలో వెనక తలుపు తాళం మొరాయించింది.
అంటే, మొరాయించిందని చెప్పాను.
ఏడుగురూ వంటగదిలో నిలబడ్డారు
ట్రేల కోసం వరస కట్టినట్టు.
లైబ్రరీలో జనం ఇంకా కోట్లు తొడుక్కోలేదు.
లొరెట్టా మొదటి వరసలోనే ఉంది.
తాళంచెవి నా జేబులో వెచ్చగా ఉంది.
"స్టాన్!" అని పిలిచారెవరో.
"స్టాన్!"

నేను పలకలేదు.