నేరేడు రంగు వెలిసేదాకా

అమలాపురం కాలేజీ మేడ మీద గది,
వచ్చిపోయే కరెంటు.
ముక్తేశ్వరం కాలవగట్టున
మరిడమ్మ కోసి తెచ్చిన గుంటగలగర
నాలుగు కుప్పలై నా ముందుంది.

మొదటిదాన్ని ఎండలో ఆరబెట్టాను. తప్పు నాదే.
రెండోదాన్ని సాక్స్‌లెట్ గాజుగొట్టంలో
ఆరు గంటలు కాచాను.
ఆవిరై పైకెళ్ళి, చల్లారి, చుక్కచుక్కగా దిగి
మెథనాల్ అదే ఆకుని అదే ప్రశ్న
మళ్ళీ మళ్ళీ అడిగింది,
పోలీసు స్టేషన్లో అడిగినట్టు.
మూడోది మూడు రోజులు చీకట్లో నానింది,
మూత పెట్టి నేను నా పని చూసుకున్నాను.

నాలుగోది మరిడమ్మ లాక్కుంది.
రోట్లో నూరి, పాత చీరగుడ్డలో పిండి
పసరు గిన్నె నా చేతిలో పెట్టి
"బేగా కానీండమ్మా, గాలి తగిల్తే నల్లబడిపోద్ది" అంది.

గాలి తగిలితే.
థీసిస్ మొదటి అధ్యాయంలో
పదకొండు పేజీలు పట్టింది నాకు
ఆ మాట చెప్పడానికి.

పరీక్ష చిన్నదే.
గొట్టంలో నేరేడుపండు రంగు ద్రావణం.
జతలేని ఎలక్ట్రాను ఆకలి ఆ రంగు.
ఆకులో ఇచ్చే గుణముంటే
నేరేడు వెలిసి పసుపవుతుంది.
అరగంట చీకట్లో ఉంచాలి.
ఆ అరగంటలో దొరబాబు టీ తెచ్చాడు,
ఏటిగట్టు తెగిన ఏడు వాళ్ళ బల్లకట్టు
ఎవరి కొబ్బరితోటలో తేలిందో చెప్పాడు.

ఎండలో ఆరింది నేరేడుగానే ఉంది.
కాచింది సగం దారిలో ఆగింది.
నానింది నిమ్మపండు.
మరిడమ్మ పసరు కూడా నిమ్మపండే,
పిండగానే వేసిన చుక్కకి.
టీ తాగాక అదే గిన్నెలోంచి తీసిన చుక్కకి
రంగు కాస్త కదిలి ఊరుకుంది.
ఒకే ఆకు, ఒకే గిన్నె, రెండు అంకెలు.
నా పట్టికలో గడియారానికి గడి లేదు.

"ఏది నెగ్గిందండీ?"
మూడోది, అన్నాను.
"మరి దాన్నెవరు తాగుతారు?"
సారాయికి తోబుట్టువు అది,
తాగితే కళ్ళు పోతాయి. ఆఖరి బొట్టు దాకా ఆర్పేసి
అడుగున మిగిలిన జిడ్డుని తూస్తాం.
"తూసి?"
రాసుకుంటాం.
"ఆయ్" అంది, నవ్వకుండా.

గిన్నెలో పసరు కాటుకైపోయింది.
సింకులో వంపబోతే చెయ్యి పట్టుకుంది.
"ఉంచండి, కొబ్బరినూనెలో కాస్తాను,
సన్నసెగ మీద, చిటపట ఆగేదాకా."

ఎన్ని డిగ్రీలు, అని అడగబోయి
పెన్ను తీశాను.
అప్పటికే మెట్లు దిగుతోంది,
గిన్నె మీద అరచెయ్యి మూతపెట్టి.