జీరో

చంచల్‌గూడ జైలు బంకుల
ఖాకీ చొక్కా మనిషి అన్నడు:
"జీరో చూస్కోండి సార్."

నేను చూసింది జీరో కాదు, ఆ చెయ్యిని.
బొటనవేలు పక్కన అదే కాలిన మచ్చ.
పద్దెనిమిదేండ్ల కింద
బోనులో కట్టె పట్టుకొని నిలబడ్డ చెయ్యి.
మా మొగులన్నను పొడిచిన చెయ్యి.

"రెండొందలకు" అన్న.
రెండొందల కాడ మీటరు టక్కున ఆగింది.

యావజ్జీవం అన్ననాడు జడ్జి అంకె చెప్పలే.
బస్సుల అమ్మ అడిగింది:
"అంటే ఎన్నేండ్లు బిడ్డా?"
ఎంతైనా తక్కువే అనిపించింది అప్పుడు.

మొన్న కానిస్టేబులొచ్చి కాగితమిచ్చిండు.
నెల రోజులు పెరోల్ మీద ఇడిస్తే
మీకేమన్న అభ్యంతరమా అని.
ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు కింద ఉన్నదది.
సంతకం పెట్టలే. చింపనూ లే.

వాడు నన్ను గుర్తుపట్టలే.
మూడొందలు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చిండు.
తలంతా ముగ్గుబుట్ట.
ఫొటోల మా అన్న జుట్టు
ఇంకా నల్లగనే ఉన్నది.

ఎనక ఆటోవాడు హారన్ కొడుతున్నడు.
కిక్కు కొట్టిన, బండి లేవలే.
మళ్ల కొట్టిన.

పక్కబండి కాడ వాడి గొంతు:
"జీరో చూస్కోండి సార్."