నాలుగువేల నూట పదహారో వరుస

పొద్దున్నే కెరిడ్జ్ ఒక అంకె తెచ్చి
చేపలామె తూకం చెప్పినట్టు
నా బల్ల మీద పడేసి పోతాడు.
నూట పన్నెండు.
నిన్న నూట పదిహేను.
రియాక్టర్ నీళ్లలో మిగిలిన బోరాన్ అది.

ఇంధనం కొత్తలో కోడెదూడ,
పగ్గం బిగబట్టాలి.
ఏడాదిన్నరగా లాగి లాగి ఇప్పుడు మెడ వాల్చింది,
రోజుకో మూడు చొప్పున వదులు చేస్తూ వస్తున్నాం.
వదలడానికి పగ్గమే మిగలని నాడు
ఆపాలి. చల్లార్చాలి. మూత తియ్యాలి.
ఇంకా నలభై పొద్దులు, అటూ ఇటూగా.

లీస్టన్ ఊరికి ఇదంతా పట్టదు.
మిసెస్ స్మై స్విచ్చి నొక్కుతుంది, కెటిల్ ఈల వేస్తుంది.
గులకరాళ్ల తీరం అవతలి బూడిదరంగు సముద్రం
మా గొట్టాల్లోకి చలితో వచ్చి
కాస్త వెచ్చబడి వెనక్కి పోతుంది,
కృతజ్ఞత లేదు, కోపమూ లేదు.

కంట్రోల్ రూమ్ పుస్తకంలో రాత్రి షిఫ్ట్ వాక్యం:
‘చెప్పుకోదగ్గది ఏమీ లేదు.’
ఐదువందల రాత్రులుగా అదే,
దస్తూరీలే వేరు.
పదకొండుమంది కళ్లు కాయలు కాసేలా మేలుకుంటే గాని
అంత ‘ఏమీ లేదు’ తయారవదు.

నాది ప్రణాళిక పని. తొమ్మిదివేల వరుసలు.
ఏ బోల్టు ముందు, ఏ వాల్వు తర్వాత,
ఎవరి నిచ్చెన ఎవరికి అడ్డం,
ఉంగరాలు ఎక్కడ తీసిపెట్టాలి,
కళ్లజోడు జారి కొలనులో పడకుండా
దారం ఎవరు కట్టాలి.

గోడ మీద నూటతొంభై మూడు గళ్ల పటం.
మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది:
వామనగుంటలు!
మా మేనత్త కనకరత్నం చింతపిక్కలు చేతికి తీసుకోగానే
చివరి పిక్క ఏ గుంటలో పడుతుందో చెప్పేసేది.
ఓడిపోయేలా ఉంటే
మోకాలితో పీట జరిపేది.
ఇక్కడ పీట జరపడానికి లేదు.
కొత్త కట్ట పక్కన అలసిన కట్ట,
అంచున కాలినది మధ్యకి,
మూడు విడతలు మండినది కొలను అడుక్కి.
రెండు కోడెల్ని ఒకే గాటన కట్టకూడదు.

మంగళవారం పెద్దాఫీసు నుంచి
హార్‌గ్రేవ్ మేడం వచ్చింది.
ఇరవైతొమ్మిది రోజుల్ని ఇరవైఏడు చెయ్యాలి.
ఆగిన ప్రతి గంటకీ ఎన్ని పౌండ్లో చెప్పింది,
నాకు వినపడింది గానీ ఊహకు అందలేదు.
పెన్ను మొన వరుసల మీదుగా దిగుతూ దిగుతూ
నాలుగువేల నూట పదహారు దగ్గర ఆగింది.
మూత బోల్టులు విప్పడానికీ, మూత లేపడానికీ నడుమ:
‘క్రేన్ డ్రైవర్‌కి టీ. ఇరవై నిమిషాలు.’

“ఇదేంటి?”

గారొడ్ మూల కుర్చీలో ఉన్నాడు.
పదిహేడుసార్లు ఆ మూత లేపినవాడు,
వంద టన్నుల పైమాట,
ఒక్కసారీ గోడకి ముద్దు పెట్టనివ్వలేదు.
టోపీ ఒళ్లో పెట్టుకుని మెల్లగా అన్నాడు:
“నా చెయ్యి వణకదు, మేడం.
వణికే ఇరవై నిమిషాల ముందే
దిగొస్తాను కనక.”

ఎవరో దగ్గారు.
ఆమె కొట్టేసింది.

సాయంత్రం అందరూ వెళ్లాక
కిటికీ అవతల రెల్లుగడ్డిలో ఏదో పక్షి
ఖాళీ కుండలోకి ఊదినట్టు కూస్తుంటే
ఆ వరుస మళ్లీ రాశాను:
‘క్రేన్ కొక్కెం, తాళ్లు: అదనపు తనిఖీ.
ఇరవై నిమిషాలు.’

మేనత్త మోకాలు గుర్తొచ్చింది.

కాపీ చూసి గారొడ్ చాలాసేపు మాట్లాడలేదు.
“రాశావు కాబట్టి
కొక్కెం నిజంగానే చూడాలి,” అన్నాడు చివరికి.
“కప్పు పట్టుకునే చూస్తాలే.”

తెల్లారింది.
కెరిడ్జ్ బూట్ల చప్పుడు.

నూట తొమ్మిది.